ఇంట్లో ఆర్కిడ్లకు లైటు సరిపోతోందా? కొలిచి తెలుసుకునే పద్ధతి

"ఆకులు నిగనిగలాడుతున్నాయి, వేర్లు బాగున్నాయి, కానీ రెండేళ్లుగా పువ్వు లేదు. లైటు చాలడం లేదంటారా?" ఇంట్లో ఎల్ఈడీ లైట్ల కింద ఆర్కిడ్లు పెంచే పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. కొందరు స్టాండు ఫొటో పంపి, చూసి చెప్పమంటారు. ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. ఫోను కెమెరా మసక గదిని కూడా వెలుగ్గా చూపిస్తుంది. మన కన్నూ అంతే. రాత్రి లైట్లు వేసిన హాలు కంటికి హాయిగా, వెలుతురుగా అనిపిస్తుంది, కానీ అక్కడ ఉండేది 200, 300 లక్స్ మాత్రమే (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురును కొలిచే ప్రమాణం). పగలు బయట చెట్టు నీడలో దాదాపు పది వేల లక్స్ ఉండవచ్చు, నడినెత్తి ఎండలో లక్ష. ఇంత తేడాను కన్ను సర్దుకుపోతుంది, మొక్క సర్దుకుపోలేదు. అందుకే కొలవాలి. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

ఇక్కడ నేను ఉదాహరణగా తీసుకుంటున్నది మన అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించే అమరిక: నాలుగడుగుల ఇనుప స్టాండు, ఒక్కో అరకు పైన రెండు మూడు తెల్లని ఎల్ఈడీ బ్యాటన్లు, కింద ఫాలెనాప్సిస్ కుండీలు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి వెడల్పు రేకులతో నర్సరీల్లో అమ్మే ఆర్కిడ్ అదే. మీ దగ్గర వేరే రకం ఉన్నా కొలిచే పద్ధతి మారదు, చేరాల్సిన అంకె మాత్రమే మారుతుంది.

ముందుగా మీ లైటు రంగు చూడండి

మీ లైటు తెల్లగా ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. కొద్దిగా పసుపు కలిసిన తెలుపైనా, నీలం కలిసిన తెలుపైనా ఫర్వాలేదు. గులాబీ, ఊదా రంగులో వెలిగే "గ్రో లైటు" అయితే మాత్రం లక్స్ మీటరును పక్కన పెట్టేయండి. లక్స్ అనేది మనిషి కంటి కొలత. మన కన్ను పచ్చ రంగును అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది, ముదురు ఎరుపును చాలా తక్కువగా పట్టుకుంటుంది. ఊదా లైట్లలో ఉండేవి ప్రధానంగా ఎరుపు, నీలం. మొక్కకు అవి నిండుగా అందుతున్నా మీటరు చిన్న అంకె చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి మొక్కలను లైటు దగ్గరికి జరిపితే ఆకులు మాడిపోతాయి. ఊదా లైటే వాడాలనుకుంటే, ఎంత ఎత్తు నుంచి ఎంత పీపీఎఫ్‌డీ (మొక్క వాడుకునే వెలుతురు ఆ క్షణంలో ఎంత పడుతోందో చెప్పే అంకె) వస్తుందో తయారీదారు ఇచ్చిన పట్టిక చూడండి, లేదా దాన్ని కొలిచే పార్ మీటరు వాడండి. నన్నడిగితే తెల్లని లైటుకు మారమనే చెబుతాను. దాని కింద ఆకు అసలు రంగు కనిపిస్తుంది, తెగులు వస్తే వెంటనే తెలుస్తుంది.

కావలసినవి

- లక్స్ మీటరు, లేదా లక్స్ చూపించే యాప్ ఉన్న ఫోను
- టేపు లేదా స్కేలు
- పుస్తకం, పెన్ను, సుద్దముక్క
- మొక్క ఎత్తుకు సరిపోయే ఖాళీ డబ్బా లేదా బోర్లించిన కుండీ
- లైటుకు టైమరు, ఇప్పటికే లేకపోతే

మీటరు, ఫోను, ఈ రెంటిలో ఏది మంచిదంటే మీటరే. దాని సెన్సారు మీద తెల్లని గుండ్రటి మూత ఉంటుంది. పక్కల నుంచి వచ్చే వెలుతురును కూడా అది సరిగ్గా లెక్కలోకి తీసుకుంటుంది. ఫోను సెన్సారు చాలావరకు ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది. అయినా ఫోను తప్ప వేరే దారి లేకపోతే ఆండ్రాయిడ్ ఫోను వాడండి. సెన్సారు తెర పైభాగంలో, ముందు కెమెరా పక్కన ఉంటుంది. వేలితో మూసి చూస్తే అంకె పడిపోతుంది, దాన్నిబట్టి స్థానం తెలుస్తుంది. ఐఫోన్లో ఆ సెన్సారు అంకె యాప్‌లకు అందదు. అక్కడ యాప్‌లు కెమెరాతో అంచనా వేస్తాయి కాబట్టి కెమెరా మీద తెల్ల కాగితం అడ్డుపెట్టి కొలవాలి. ఏ కాగితం, ఎన్ని పొరలు అన్నది ఆ యాప్ చెప్పినట్టే చేయండి.

అపోజీ వంటి కంపెనీల పార్ మీటర్లు మొక్క వాడుకునే వెలుతురును నేరుగా కొలుస్తాయి. కానీ వాటి ఖరీదు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. పది కుండీల కోసం అది కొనక్కర్లేదు.

1. మీటరు నమ్మదగినదో కాదో పరీక్షించండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా కొలతకు దిగుతారు. దయచేసి వదలకండి, పది నిమిషాల పని ఇది.

మొదటి పరీక్షకు ఒకే రకం లైట్లు రెండు కావాలి. మీటరును ఒక చోట కదలకుండా పెట్టండి. మొదటి లైటు మాత్రమే వేసి అంకె రాయండి. దాన్ని ఆర్పి రెండోది వేసి రాయండి. తర్వాత రెండూ వేయండి. మొదటి రెండు అంకెల మొత్తానికి దగ్గరగా మూడోది రావాలి. 3,000, 2,800 వచ్చినచోట రెండూ కలిపితే 5,800 చుట్టుపక్కల ఉండాలి. 4,000 దగ్గర ఆగిపోతే ఆ సెన్సారు పెద్ద అంకెలను చూపలేకపోతోందని అర్థం. కొన్ని ఫోన్లలో ఇలా జరుగుతుంది. అలాంటి ఫోనుతో తక్కువ వెలుతురును మాత్రమే నమ్మకంగా కొలవవచ్చు.

రెండో పరీక్ష ఎండలో. మబ్బు, పొగమంచు లేని రోజు మిట్టమధ్యాహ్నం సెన్సారును సూటిగా సూర్యుడి వైపు తిప్పండి. లక్షకు అటూ ఇటూగా చూపించాలి. 60,000 చూపిస్తే మీ మీటరు తక్కువ చెబుతోంది, ఆ మేరకు పెంచి చదువుకోవాలి. మీటరు పరిధి 50,000 వరకే ఉంటే ఈ పరీక్ష కుదరదు. అప్పుడు మరొకరి మీటరు పక్కన పెట్టి పోల్చి చూడండి. ఫోనును ఎండలో రెండు నిమిషాలకు మించి ఉంచకండి.

ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతాయి. కొన్ని మీటర్లు పెద్ద పరిధిలో అంకెను పదితోనో వందతోనో గుణించి చదవమంటాయి. తెర మూలన లేదా బటన్ దగ్గర చిన్నగా రాసి ఉంటుంది, అది చూడకపోతే 7,200 కాస్తా 720 అవుతుంది. రెండోది, మీటరు లక్స్‌లో కాకుండా ఫుట్ క్యాండిల్‌లో ఉండిపోవడం. ఒక ఫుట్ క్యాండిల్ అంటే సుమారు 10.8 లక్స్. అంకె అనుమానంగా పది రెట్లు తక్కువగా కనిపిస్తే ముందు ఈ రెండూ చూడండి.

2. గదిని సిద్ధం చేయండి

రాత్రి కొలవండి. పరదాలు వేసి, గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి. అప్పుడే మీ బ్యాటన్లు ఎంత ఇస్తున్నాయో విడిగా తెలుస్తుంది. బ్యాటన్లపై దుమ్ము పొడి గుడ్డతో తుడవండి, స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే సుమా. తర్వాత లైట్లు వేసి అరగంట ఆగండి. ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ వెలుతురు కొంచెం తగ్గి ఒక చోట నిలుస్తుంది. పాత ఫ్లోరసెంట్ ట్యూబులు దీనికి ఎదురు, అవి పూర్తి వెలుతురుకు రావడానికే కొంత సమయం పడుతుంది. స్విచ్చి వేసిన వెంటనే తీసిన కొలత రెండింట్లోనూ పనికిరాదు.

3. ఆకు ఎత్తులో కొలవండి

మొత్తం పనిలో అత్యంత ముఖ్యమైనది ఇదే. అర చెక్క మీద మీటరు పెట్టి కొలిస్తే కుండీ అడుగుకు ఎంత వెలుతురు పడుతోందో తెలుస్తుంది, ఆకుకు కాదు. బ్యాటన్ దగ్గర పది సెంటీమీటర్ల తేడాకే అంకె చాలా మారుతుంది. కుండీలు తీసేసి, పై ఆకులు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తున్న డబ్బా పెట్టి, దానిపై మీటరు ఉంచండి. కుండీ తీసే ముందు అది ఏ వైపు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. పూకాడ సాగుతున్న మొక్కను తిరిగి వేరే దిక్కుగా పెడితే కాడ వంకర తిరుగుతుంది.

సెన్సారు ముఖం నేరుగా పైకి, అరకు సమాంతరంగా ఉండాలి. లైటు వైపు వంచి పట్టుకోకండి, అంకె పెరిగి సంతోషపెడుతుంది కానీ అది అబద్ధం. కొలిచేటప్పుడు మీరు దూరంగా జరగండి. మీద పడే నీడ అంకెను తగ్గిస్తుంది, తెల్ల చొక్కా వేసుకుని మరీ దగ్గరగా నిలబడితే కొద్దిగా పెంచుతుంది.

నాలుగడుగుల అరలో కనీసం తొమ్మిది చోట్ల కొలవండి: ముందు వరసలో మూడు, మధ్యలో మూడు, వెనక మూడు. పుస్తకంలో అర బొమ్మ గీసి ఏ చోట అంకె ఆ చోటే రాయండి. మధ్యకూ చివరలకూ మధ్య ఎంత తేడా ఉందో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. చివరి కుండీలు ఎందుకు పూయడం లేదో ఆ బొమ్మే చెబుతుంది.

ఫోనుతో కొలిచేవారు తెర వెలుతురు పూర్తిగా తగ్గించండి. కొత్త ఫోన్లలో సెన్సారు తెర కిందే ఉంటుంది, తెర వెలుగు దానికి తగులుతుంది. తెర మీద గాజు అతికించి ఉంటే సెన్సారుకు అడ్డం రాకుండా చూడండి. ప్రతి చోటా అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి.

4. అంకెను రోజు మొత్తానికి మార్చండి

మీటరు చెప్పేది ఆ క్షణంలో పడుతున్న వెలుతురు. మొక్కకు కావలసింది రోజంతా పడిన మొత్తం. వాన జోరు ఒకటి, రోజు ముగిశాక లెక్కించే వర్షపాతం మరొకటి, అలాగే ఇదీ. ఆ మొత్తాన్ని డీఎల్ఐ అంటారు, మోల్ (వెలుతురు కణాలను లెక్కపెట్టే ప్రమాణం) లెక్కన కొలుస్తారు.

తెల్లని ఎల్ఈడీకి సులువైన లెక్క: లక్స్‌ను గంటలతో గుణించి 19,000తో భాగించండి.

మధ్యలో 7,200 లక్స్ వచ్చిందనుకుందాం. లైటు 12 గంటలు వెలుగుతుంది. 7,200ను 12తో గుణిస్తే 86,400. దాన్ని 19,000తో భాగిస్తే సుమారు 4.5 మోల్. చివర 4,100 లక్స్ ఉంటే అదే లెక్కన 2.6 మోల్ వస్తుంది.

క్షణం కొలతనే పీపీఎఫ్‌డీగా కావాలంటే తెల్లని ఎల్ఈడీకి లక్స్‌ను 68తో భాగించండి. 7,200 లక్స్ అంటే సుమారు 106 మైక్రోమోల్. లైటు రకాన్ని బట్టి ఈ భాజకం కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి దశాంశాల గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. పది శాతం తేడాను ఆర్కిడ్ పట్టించుకోదు.

మొక్కలు కిటికీ దగ్గర ఉంటే ఎండ వాటా కూడా కలపాలి. బ్యాటన్లు ఆర్పి, పగలు గంటకోసారి ఆకు ఎత్తులో కొలిచి అంకెలన్నీ కూడి 15,000తో భాగించండి. ఎండకు భాజకం వేరు. వచ్చినదాన్ని బ్యాటన్ల మొత్తానికి కలపండి. ఎండాకాలంలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఇలా కొలవండి. సూర్యుడు దక్షిణానికి జరిగినప్పుడు దక్షిణం కిటికీలోకి ఎండ లోతుగా వస్తుంది, ఉత్తరం కిటికీ మరింత డీలా పడుతుంది.

5. మీ రకానికి ఎంత కావాలో చూడండి

ఫాలెనాప్సిస్‌కు రోజుకు 4 నుంచి 6 మోల్ ఉంటే పూతకు బాగుంటుంది. 3 దగ్గర మొక్క బతుకుతుంది, ఆకులూ వేస్తుంది, పూత మాత్రం అరకొరగా వస్తుంది. 12 గంటల లైటుకు ఇది సుమారు 6,500 నుంచి 9,500 లక్స్. పాఫియోపెడిలమ్ కూడా దాదాపు ఇంతటితో లేదా కొంచెం తక్కువతో సరిపెట్టుకుంటుంది. కట్లేయాలకు 8 నుంచి 12 మోల్ కావాలి, అంటే 12 గంటలకు సుమారు 13,000 నుంచి 19,000 లక్స్. బ్యాటన్లు దగ్గర దగ్గరగా బిగిస్తే తప్ప అది కుదరదు.

థాయ్ డెండ్రోబియంలను, వందాలను ట్యూబుల కింద పెట్టి కష్టపడకండి. అవి బాల్కనీలో, యాభై శాతం గ్రీన్ నెట్ కింద సంతోషంగా ఉంటాయి. మన తూర్పు కనుమల్లో మామిడి చెట్ల మీద వందా టెస్సెల్లేటా దానంతట అదే పెరిగి పూస్తుంది. అంత ఎండను ఎరిగిన జాతికి గదిలో ఎన్ని బ్యాటన్లు పెట్టాలి?

పుస్తకాల్లో ఫాలెనాప్సిస్‌కు 1,000 నుంచి 1,500 ఫుట్ క్యాండిల్స్ అని ఉంటుంది. అది పదివేల నుంచి పదహారు వేల లక్స్. ఆ అంకె చూసి, మావి ఏడు వేలే ఉన్నాయని కంగారు పడేవారు చాలామంది. పుస్తకాల్లోని అంకె గ్రీన్‌హౌస్‌లో మధ్యాహ్నపు గరిష్ఠం. అక్కడ ఉదయం, సాయంత్రం వెలుతురు చాలా తక్కువ. మీ బ్యాటన్ ఉదయం నుంచి రాత్రి దాకా ఒకే తీరున వెలుగుతుంది. పదహారు వేల లక్స్‌ను 12 గంటలు పెడితే రోజుకు పది మోల్ దాటుతుంది, ఫాలెనాప్సిస్ ఆకులు పసుపు తిరుగుతాయి.

6. తక్కువైతే, ఎక్కువైతే

తక్కువగా ఉంటే ముందు గంటలు పెంచండి, అది ఖర్చు లేని దారి. 12ను 14 చేస్తే పై ఉదాహరణలో చివరి కుండీ 2.6 నుంచి 3కు వస్తుంది, మధ్యది 5.3 అవుతుంది. 14 గంటలు దాటించకండి. ఫాలెనాప్సిస్ ఆకు రంధ్రాలు ప్రధానంగా రాత్రి చీకటిలో తెరుచుకుని గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. రాత్రంతా లైటు వేసి ఉంచితే మొక్కకు మేలు చేసినట్టు కాదు.

తర్వాత అర వెనక, పక్కల తెల్లని థర్మోకోల్ లేదా తెల్ల షీటు నిలబెట్టండి. వృథాగా బయటికి పోయే వెలుతురు తిరిగి వస్తుంది, ముఖ్యంగా చివరి కుండీలకు. పెట్టాక మళ్లీ కొలిచి చూడండి, ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. అప్పటికీ చాలకపోతే కుండీలను ఎత్తు మీద పెట్టండి, లేదా మరో బ్యాటన్ బిగించండి. కొత్త బ్యాటన్ కొనేటప్పుడు "వంద వాట్లకు సమానం" వంటి మాటలు చూడకండి, డబ్బా మీద ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు) చూడండి. ఇరవై వాట్ల మంచి బ్యాటన్ సుమారు రెండు వేల ల్యూమెన్లు ఇస్తుంది.

ఎక్కువగా ఉంటే కుండీలను చివరలకు జరపండి. అర మొత్తానికి ఒకే వెలుతురు ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. ఎక్కువ కోరే మొక్క మధ్యకు, చిన్న పిలకలు, కొత్తగా కుండీ మార్చినవి చివరలకు.

ఏ మార్పైనా మెల్లగా చేయండి. తక్కువ వెలుతురుకు అలవాటైన ఆకును ఒక్క రోజులో రెట్టింపు వెలుతురులో పెడితే మచ్చలు పడతాయి. వారానికి కాస్త చొప్పున, మూడు నాలుగు వారాల్లో గమ్యానికి చేర్చండి.

టైమరు గురించి ఒక మాట. చక్రం తిరిగే చవక టైమర్లు కరెంటు పోయినప్పుడు ఆగిపోతాయి. నాలుగైదు కోతల తర్వాత మీ ఉదయం ఆరు గంటల లైటు పది గంటలకు వేసుకుంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి. నీళ్లు చల్లేటప్పుడు లైట్లు ఆపండి, వైర్ల కీళ్లు నీటి చినుకులు తగలని చోట ఉండాలి.

7. ఆకును అడిగి సరిచూసుకోండి

అంకె సరిగ్గా ఉన్నా చివరి మాట మొక్కదే. లైటు వేసిన నాలుగైదు గంటలకు పై ఆకును వేళ్ల వెనకభాగంతో తాకండి. గది గాలి కంటే వెచ్చగా తగిలితే లైటు మరీ దగ్గరగా ఉంది, లేదా గాలి ఆడటం లేదు. మే నెలలో మన గదుల్లో ఇది తప్పక చూడాలి. చిన్న ఫ్యాను పెడితే చాలాసార్లు సమస్య తీరుతుంది, లైటు తగ్గించే అవసరం రాదు.

రంగు చూడండి. ముదురు పచ్చగా, మెత్తగా, పొడుగ్గా సాగి వాలిపోయే ఆకులు వెలుతురు తక్కువని చెబుతాయి. మనం ఆరోగ్యం అనుకునే ఆ నిగనిగల ముదురు పచ్చే చాలాసార్లు పువ్వు రాకపోవడానికి సూచన. గడ్డిపచ్చ, కాస్త గట్టిదనం, ఇవి మంచి గుర్తులు. అంచులు ఎర్రబారడం, ఆకంతా పసుపు తిరగడం ఎక్కువైందని హెచ్చరిక. అయితే కింది ముసలి ఆకు ఒక్కటే పసుపు రంగులోకి మారితే లైటును తప్పు పట్టకండి, దాని వయసు అయిపోయింది. కొన్ని హైబ్రిడ్లకు ఆకు కింద ఊదా ఛాయ పుట్టుకతోనే ఉంటుంది, అది కూడా హెచ్చరిక కాదు.

కొత్త ఆకే అసలైన సాక్షి. పాత ఆకులు పాత వెలుతురులో పెరిగినవి. మార్పు చేశాక వచ్చిన ఆకు పొడవు, వెడల్పు కొలిచి పాతదాని పక్కన రాసుకోండి. పొట్టిగా, వెడల్పుగా, మందంగా వస్తుంటే దారిలో ఉన్నారు. రెండు మూడు నెలలైనా పట్టే పని ఇది, మధ్యలో లైట్లు పదేపదే మార్చకండి.

చెయ్యి నీడ చూసి వెలుతురు అంచనా కట్టే పాత పద్ధతి కిటికీ దగ్గర ఎంతో కొంత పనిచేస్తుంది. పొడుగు బ్యాటన్ల కింద పనిచేయదు. వెలుతురు నాలుగు వైపుల నుంచి వస్తుంది కాబట్టి ఎంత బలంగా ఉన్నా నీడ మసకగానే పడుతుంది.

ఇన్ని చేసి, అంకె 5 మోల్ దగ్గర నిలకడగా ఉండి, ఆకులు బాగుండి, అయినా పూకాడ రాకపోతే లైటును వదిలి ఉష్ణోగ్రత చూడండి. గది రాత్రింబగళ్లు 28 డిగ్రీలకు పైన ఉంటే ఫాలెనాప్సిస్ పూకాడ వేయదు. హైదరాబాదులో నవంబరు నుంచి జనవరి దాకా రాత్రుళ్లు కిటికీ కాస్త తెరిచి ఉంచితే చాలు. విశాఖ, విజయవాడ వంటి చోట్ల చలి తక్కువ కాబట్టి ఆ నెలల్లో ఇంట్లో అన్నిటికంటే చల్లని గదికి కుండీలు మార్చండి, మార్చిన చోట వెలుతురు మళ్లీ కొలవండి.

ఎల్ఈడీ ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా తగ్గుతుంది, కంటికి తెలియదు. ఆరు నెలలకోసారి అదే తొమ్మిది చోట్ల, అదే డబ్బా పెట్టి, అదే మీటరుతో కొలిచి పాత బొమ్మ పక్కన రాయండి. నాలుగో వంతు పడిపోతే బ్యాటన్లు మార్చే సమయం వచ్చింది. అన్నీ ఒకేసారి కొత్తవి బిగిస్తే మొదటి రెండు వారాలు టైమరును రెండు గంటలు తగ్గించి పెట్టండి.